ఐదో తరగతి ప్రాజెక్టు: కంభం చెరువు మోడల్ ఇంట్లో ఎలా చేయించాలి?

ఒంగోలు నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా వాడు ఐదో తరగతి. నీటి వనరుల మీద ఏదో ఒక మోడల్ చేసి వచ్చే సోమవారం తీసుకురమ్మన్నారు. వీడు ఎవరినీ అడక్కుండా కంభం చెరువు చేస్తానని పేరిచ్చి వచ్చాడు. వేసవిలో అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడు ఆ కట్ట మీద నడిచాడు, అప్పటి నుంచి వాడికి ఆ చెరువంటే పిచ్చి.

క్లాస్ వాట్సాప్ గ్రూపులో కొందరు అప్పుడే రెడీమేడ్ మోడళ్ళకు ఆర్డర్ ఇచ్చేశారు. నేనూ బజార్లో అడిగాను. థర్మాకోల్ మీద చేసిస్తాం, 800 అవుతుందన్నారు. డబ్బు సంగతి పక్కన పెడితే, వాడు సొంతంగా చేస్తానని సరదా పడుతున్నాడు. నాకేమో చేతిపనులు రావు. ఆయన ఉద్యోగం కృష్ణపట్నంలో, ఆదివారం గానీ ఇంటికి రారు. నిజంగా నీళ్ళు నిలిచే మోడల్ ఇంట్లో చేయించగలమా? అందులో నేను ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు? నాలుగు రోజులుగా ఇదే టెన్షన్.

కావలి నుంచి ఒక నాన్న

అక్కా, మోడల్ సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. నేను వేరే మాట చెబుతాను. కిందటేడు మా పాప అంతా తనే చేసుకుని తీసుకెళ్ళింది. ఆ స్కూల్లో షాపు నుంచి తెచ్చిన మోడళ్ళన్నీ ముందు బల్ల మీద పెట్టి, మా పాపది వెనక కిటికీ కింద పెట్టారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకని ముందు టీచర్‌ని కలిసి ఒక్క మాట అడగండి. మార్కులు దేనికి వేస్తారు, పిల్లలు చేసినదానికా, చూడ్డానికి బాగున్నదానికా? పిల్లలు చెప్పుకోవడానికి టైమిస్తారా? ఇది తెలిశాక మొదలుపెడితే వాడికి బాధ ఉండదు.

నెల్లూరు నుంచి ఒక సైన్స్ టీచర్

అమ్మా, కావలి నాన్నగారి మాట ముమ్మాటికీ నిజం, తప్పకుండా వెళ్ళి అడగండి. మేం టీచర్లం కూడా మెరిసేదానికి పడిపోతాం, కాదనను. తల్లి వచ్చి "మావాడు సొంతంగా చేస్తున్నాడు, వాడితో చెప్పించండి మేడమ్" అని ముందే అంటే మాత్రం ఆ బల్ల దగ్గర మేం ఇంకాసేపు నిలబడతాం.

ఇక చెరువు సంగతి. మీ వాడు మంచిదే ఎంచుకున్నాడు. అట్ట మీద నీలం రంగు పూసి ఊరుకునేది కాదిది, నీళ్ళు పోసి చూపించగలిగేది. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్ళు కొండల నడుమ ఒక ఇరుకు సందులోంచి బయటికి వస్తాయి. సరిగ్గా ఆ సందుకు అడ్డంగా కట్ట వేశారు. కట్ట చూస్తే చిన్నది, దాని వెనక చెరువు మైళ్ళ కొద్దీ. 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించారని చెబుతారు. 2020లో నీటిపారుదల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐసీఐడీ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇవన్నీ చార్టు మీద రాసుకోనివ్వండి. కానీ వాడికి తెలియాల్సింది ఒక్కటే: కట్ట అక్కడే ఎందుకు వేశారు?

దాన్ని మీరు చెప్పొద్దు. ఇలా చేయించండి. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ గానీ పెద్ద ట్రే గానీ తీసుకోండి. వినాయక చవితికి తెచ్చే బంకమన్ను లాంటిదే కావాలి, కుమ్మరి ఇంట్లో అడిగితే ఇస్తారు. దాంతో చుట్టూ కొండలు పెట్టమనండి, ఒక చోట మాత్రం రెండు కొండలు దగ్గరగా వచ్చి చిన్న సందు మిగలాలి. ఇప్పుడు ఒక దారం ముక్క ఇచ్చి, లోయ బాగా వెడల్పున్న చోట ఈ కొండ నుంచి ఆ కొండకు కొలవమనండి. ఆ పొడవుకి దారం కత్తిరించాలి. తర్వాత సందు దగ్గర కొలిచి ఇంకో దారం కత్తిరించాలి. రెండు దారాలూ పక్కపక్కన పెట్టి చూసుకోగానే వాడికే అర్థమవుతుంది, ఎక్కడ కడితే మట్టి తక్కువ పడుతుందో. ఆ రెండు దారాలనే చార్టుకి టేపుతో అంటించి, కింద వాడి అక్షరాలతోనే రాయించండి. నా లెక్కలో ఆ దారాల విలువ మొత్తం మోడల్ కంటే ఎక్కువ.

మీరెంత చెయ్యి పెట్టాలని అడిగారు. బ్లేడు, స్టవ్, వేడి గ్లూ గన్, ఈ మూడూ మీ చేతిలో ఉండాలి. మిగతాదంతా వాడి చేతిలో. కొండ వంకరగా వచ్చినా దిద్దొద్దు. పేర్లు రాసిన కాగితం మీద అక్షర దోషం కనిపిస్తే చూపించండి, కొట్టేసి మళ్ళీ వాడే రాస్తాడు. మనకి కష్టమయ్యేది పని చేయడం కాదు, చూస్తూ ఊరుకోవడం. పిల్లవాడు ఒక కొండని అరగంట సేపు నిమురుతూ కూర్చుంటే మన చేతులు ఆగవు. ఆగాలి, తప్పదు.

ఒంగోలు అమ్మ

మేడమ్, టీచర్‌ని అడిగాను. పిల్లలే చెప్పాలట, ఒక్కొక్కరికీ టైమిస్తారట. చాలా ధైర్యమొచ్చింది. నిన్న సాయంత్రం మొదలుపెట్టాం. దారాలు కొలిచాక వాడి ముఖం చూడాలి మీరు! నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. కానీ ఒక చిక్కొచ్చి పడింది. కట్టకు బంకమన్ను చాలక ఇంటి ముందున్న ఇసుక కలిపి వేశాడు. నీళ్ళు పోస్తే కాసేపు ఆగి, అడుగు నుంచి ఊరడం మొదలైంది. తర్వాత కట్టంతా జారిపోయింది. పైన ప్లాస్టిక్ కవర్ పరిచేద్దామా?

కనిగిరి నుంచి ఒక రైతు

కవర్ వద్దమ్మా. చెరువు కట్టలకు ఎవరూ కవర్ పరచలేదు కదా. మీ వాడికి ఇదే అసలు పాఠం. ఇసుక రేణువుల మధ్య సందులుంటాయి, నీళ్ళు అందులోంచి దారి చేసుకుంటాయి. ఆ దారి వెంట ఇసుక కూడా కొంచెం కొంచెం కొట్టుకుపోతుంది, కట్ట లోపల్లోపలే గుల్లవుతుంది. బంకమన్నైతే తడిసి ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయి. అందుకని కట్ట మధ్యలో నిలువుగా ఒట్టి బంకమన్ను గోడ పెట్టమనండి. అది అడుగు వరకూ దిగి, అటూ ఇటూ కొండల మట్టిలోకి కాస్త చొచ్చుకుపోవాలి. దానికి రెండు వైపులా ఇసుక కలిసిన మట్టి వేసినా పర్వాలేదు. కొంచెం కొంచెంగా వేసి, బొటనవేలితో గట్టిగా నొక్కుతూ పోవాలి. ఒకేసారి పోసిన మట్టి నిలవదు. పాతరోజుల్లో పశువులతో, మనుషులతో తొక్కించింది అందుకే.

కట్ట పక్కలు గోడలా నిటారుగా ఉండకూడదు. అడుగు వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా రావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. కట్ట మీద నుంచి నీళ్ళు పొర్లితే ఎంత గట్టి మట్టికట్టయినా కోసుకుపోతుంది. అందుకే ప్రతి చెరువుకీ ఒక పక్కన అలుగు ఉంటుంది, నెల్లూరు వైపు కలుజు అంటారు. కట్ట కంటే కాస్త తక్కువ ఎత్తులో, కొండ అంచున, గులకరాళ్ళు పరిచి ఒక చిన్న దారి వదలండి. ఎక్కువైన నీళ్ళు అటు పోతాయి. ముందు అలుగు మూసేసి పోసి చూపించి, తర్వాత తెరిచి పోసి చూపిస్తే ఆ వయసు పిల్లలు ఎవరైనా నోరు తెరుచుకుని చూస్తారు.

తూముకి బొప్పాయి ఆకు కాడ పెట్టుకోండి, లోపల బోలుగా ఉంటుంది. కట్ట వేసేటప్పుడే అడుగున పెట్టి, దాని చుట్టూ బంకమన్ను బాగా మెత్తాలి, లేకపోతే కాడ పక్కనుంచే ఊరుతుంది. బయటి కొనకి చిన్న మట్టి ఉండ బిరడాగా పెడితే సరి. తీస్తే కాలవలోకి నీళ్ళు, పెడితే బందు. కాలవ కింద అరచేతంత మడి చేసి రెండు రోజుల ముందే ఆవాలు చల్లారంటే, సోమవారానికి పచ్చగా కాకపోయినా మొలకలైనా కనిపిస్తాయి.

నెల్లూరు నుంచి ఎనిమిదో తరగతి పాప తండ్రి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకి రాకెట్ మోడల్ ఇచ్చారు. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు మేం మేడ ఎక్కి చూస్తాం, అందుకని పీఎస్ఎల్వీ చేస్తానంటోంది. థర్మాకోల్‌తో చేసి స్ప్రే పెయింట్ కొడదామనుకుంటున్నాం.

నెల్లూరు సైన్స్ టీచర్

స్ప్రే పెయింట్ కొట్టొద్దు సార్, థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. ఫెవిబాండ్ లాంటి ఘాటైన జిగురు పూసినా అంతే. అసలు థర్మాకోలే వద్దంటాను. అలంకరణకు వాడే థర్మాకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. పిల్లల చేత పర్యావరణం మీద నినాదాలు థర్మాకోల్ పలకల మీదే రాయిస్తుంటాం, నాకు అది చూస్తే కడుపు మండుతుంది.

మీ పాపకి చార్టు కాగితం చాలు. పీఎస్ఎల్వీ ఎత్తు 44 మీటర్లు, లావు 2.8 మీటర్లు. నూరో వంతు చేస్తే 44 సెంటీమీటర్ల ఎత్తు, 2.8 సెంటీమీటర్ల లావు. అంత లావు గొట్టానికి కాగితం ఎంత వెడల్పు కావాలో పాపనే లెక్క కట్టమనండి. లావుని పై (π) విలువ 3.14తో గుణిస్తే సుమారు 8.8 వస్తుంది, అంటించుకోవడానికి ఇంకో సెంటీమీటరు వదలాలి. లెక్కల పుస్తకంలో చుట్టుకొలత సూత్రం ఎందుకుందో ఆ రోజు తెలుస్తుంది. పీఎస్ఎల్వీలోనే ఎక్స్ఎల్ అనే రకమైతే చుట్టూ ఆరు చిన్న రాకెట్లు ఉంటాయి, ఒక్కోటి 12 మీటర్ల పొడవు, మీటరు లావు. అంటే మోడల్‌లో 12 సెంటీమీటర్ల పొడవున, పెన్సిల్ కంటే కాస్త లావుగా వస్తాయి. దశలు నాలుగు: కింది నుంచి ఘన ఇంధనం, ద్రవం, మళ్ళీ ఘనం, మళ్ళీ ద్రవం. ఘనానికి ఒక రంగు, ద్రవానికి ఒక రంగు వేయిస్తే అడగకముందే తెలిసిపోతుంది.

చివరగా పక్కన ఒక మనిషి బొమ్మ నిలబెట్టించండి, అదే కొలతలో. ఒకటిన్నర సెంటీమీటరు కంటే రవ్వంత ఎక్కువ ఉంటాడు. మేడ మీద నుంచి నిప్పు గీతలా కనిపించేది దగ్గర్నుంచి ఎంత పెద్దదో ఆ బొమ్మ చెప్తుంది.

ఉదయగిరి నుంచి ఒక అమ్మమ్మ

మనవరాలి చేత టైప్ చేయిస్తున్నాను. కొండలు బంకమన్నుతో చేస్తే బరువవుతుంది, ఆరితే పగుళ్ళు. మేము చేటలకు, బుట్టలకు పూసే కాగితం గుజ్జు వాడుకోవచ్చు కదమ్మా. పాత పేపర్లు చించి రాత్రంతా నానబెట్టి, నానిన మెంతులు వేసి రుబ్బుకుంటే జిగురు అదే వస్తుంది, ఫెవికాల్ అక్కర్లేదు. మైదా ఉడకబెట్టిన జిగురు కలిపినా మంచిదే. తలకిందులుగా పెట్టిన గిన్నె మీద పూస్తే కొండ తయారు.

నెల్లూరు సైన్స్ టీచర్

అమ్మమ్మగారూ, మీరు చెప్పింది బంగారం లాంటి పద్ధతి. పర్వతాలు, బొమ్మలు, భూగోళం, వీటికి దాన్ని మించింది లేదు. ఈ చెరువుకి మాత్రం వద్దు, నీళ్ళు తగిలితే గుజ్జు నాని ఊడిపోతుంది. ఇంకొకటి, ఆరడానికి మంచి ఎండలో కూడా రెండు మూడు రోజులు పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ముసురు పట్టే రోజులు, అప్పుడు ఫ్యాన్ కింద పెట్టినా లోపల పచ్చిగానే ఉండి బూజు పడుతుంది. ఆ నెలల్లో ప్రాజెక్టు ఇస్తే పలచగా ఒక పొర పూసి, ఆరాక ఇంకో పొర పూయించండి.

ఒంగోలు అమ్మ

కట్ట నిలిచింది! బంకమన్ను గోడ పెట్టాక పూటంతా చూశాం, చుక్క ఊరలేదు. ఆయన ఆదివారం వచ్చి కొండలు సరిచేయబోతే, వాడు చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఇప్పుడు రెండు అనుమానాలు. అందరి ముందూ మాట్లాడాలంటే వీడు బిగుసుకుపోతాడు. రేపు ఆటోలో ఎలా తీసుకెళ్ళాలి?

నెల్లూరు సైన్స్ టీచర్

బట్టీ పట్టించకండి. రాసిచ్చింది మధ్యలో మర్చిపోతే అక్కడే ఆగిపోతారు. ఈ రాత్రి మీరు ఏమీ తెలియనట్టు మూడు ప్రశ్నలు అడగండి: కట్ట ఇక్కడే ఎందుకు? మొదటిసారి ఎందుకు తెగింది? నీళ్ళు ఎక్కువైతే ఎటు పోతాయి? చేతులు మోడల్ మీద పెట్టి చూపిస్తూ చెప్పమనండి. చేతికి పనుంటే మాట దానంతట అదే వస్తుంది. మొదటి కట్ట తెగిందని కూడా చెప్పమనండి, అది దాచాల్సిన సంగతి కాదు, వాడు నేర్చుకున్నది అక్కడే.

కనిగిరి రైతు

ఆటోలో నీళ్ళతో ఎక్కించకండమ్మా, కుదుపులకి కట్ట నిలవదు. నీళ్ళన్నీ తూము తీసి వదిలేసి, కట్ట మీద తడిగుడ్డ కప్పండి. ఎండితే బంకమన్ను నెర్రెలిస్తుంది. బేసిన్ ఒళ్ళో పెట్టుకోవద్దు, ఆటో అడుగున మడిచిన గోనెసంచి వేసి దాని మీద పెట్టండి. నీళ్ళు వేరే సీసాలో, ఇంకో గుప్పెడు పచ్చి మట్టి కవర్లో పట్టుకెళ్ళండి. స్కూల్లో దించాక వేలితో కట్టంతా ఒకసారి తడిమి, బీటలుంటే మెత్తి, అప్పుడు నిదానంగా కొండల వైపు నుంచి పోయాలి, కట్ట మీద పడకూడదు. బొప్పాయి కాడ మటుకు రేపు పొద్దున కోసిందే పెట్టండి, పాతది వడిలి మూసుకుపోతుంది.