లిస్బన్ – ఫ్రాంక్‌ఫర్ట్: టికెట్‌లో 3 గంటలు, లెక్కలో 2 గంటల 20 నిమిషాలు. దేన్ని నమ్మాలి?

అమ్మ వచ్చే నెల లిస్బన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ముంబై వెళ్తోంది, ఒక్కతే. రెండూ వేర్వేరు టికెట్లు. అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్యాగు తీసుకుని, మళ్లీ కౌంటర్‌లో ఇచ్చి, పాస్‌పోర్ట్ తనిఖీ దాటాలి.

మొదటి విమానం లిస్బన్‌లో ఉదయం 6:05కి బయలుదేరి 10:05కి చేరుతుందని ఉంది. 4 గంటలా అని కంగారుపడ్డాను. పోర్చుగల్ గడియారం జర్మనీ కంటే గంట వెనక ఉంటుంది కాబట్టి, అసలు ప్రయాణం 3 గంటలే. అంతవరకు అర్థమైంది.

రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా సుమారు 1,870 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున 2 గంటల 20 నిమిషాలు రావాలి. వారం రోజులు విమానాల జాడ చూపే యాప్‌లో ఇదే విమానాన్ని గమనించాను. గాల్లో ఉన్నది 2:25 నుంచి 2:35 దాకానే. మిగతా అరగంట ఎక్కడ పోతోందో తెలియలేదు. హెల్ప్‌లైన్‌కు రెండుసార్లు ఫోన్ చేస్తే టికెట్‌లో ఉన్న అంకెలే మళ్లీ చదివి వినిపించారు.

ముంబై విమానం మధ్యాహ్నం 1:10కి. కౌంటర్ 12:10కి మూసేస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వేగంగా నడవలేదు, అందుకే పది నిమిషాలు కూడా నాకు ముఖ్యమే.

ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి: టికెట్‌లోని 10:05 అంటే చక్రాలు రన్‌వేను తాకే సమయమా, గేటు దగ్గర విమానం ఆగే సమయమా?