కొవ్వొత్తి మంత్రంలో మంట ఎగసిపడితే అర్థమేంటి?

ప్రశ్న: విక్కా (మంత్రవిద్యను పాటించే ఒక ఆధునిక మతం) కొత్తవాళ్ల పుస్తకాల్లో కొవ్వొత్తికి నూనె పూసి, ఎండు మూలికల్లో దొర్లించి వెలిగించమంటారు. సగం కాలాక మంట భగ్గుమంటోంది. శకునమా?

జవాబు: కాదండీ. మూలికలే వత్తుల్లా అంటుకుంటున్నాయి. నాలుగంగుళాల సన్న కొవ్వొత్తికి రెండు మూడు చుక్కల ఆలివ్ నూనె చాలు. మూలికలు కొవ్వొత్తికి కాకుండా పళ్లెం అంచున చల్లండి. కింద ఇసుక పోసిన లోహపు గిన్నె ఉండాలి. గాజు గ్లాసైతే అడుగు వేడెక్కి పగలొచ్చు.

ప్రశ్న అడిగినవారు: మూలికలు పొడి చేస్తే?

జవాబు: ఇంకా త్వరగా అంటుకుంటుంది!

మరొకరు: సుగంధ తైలాన్ని (ఎసెన్షియల్ ఆయిల్) నేరుగా వేళ్లతో పూయకండి, చర్మం మండుతుంది. 30 మి.లీ. మామూలు నూనెలో పది పన్నెండు చుక్కలు మించొద్దు. దాల్చిన చెక్క తైలమైతే అసలు వద్దు.

ఇంకొకరు: నూనె పైనుంచి కిందికా, కిందినుంచి పైకా అన్నదాంట్లో పుస్తకాలకే పొత్తు కుదరదు. ఏదో ఒకటి పట్టుకోండి. ప్రాచీన నియమమేమీ కాదు. విక్కా జనానికి తెలిసిందే బ్రిటన్‌లో మంత్రశక్తులున్నాయని చెప్పుకునేవాళ్లను శిక్షించే మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక, విక్కాను ప్రచారం చేసిన ఆంగ్లేయుడు జెరాల్డ్ గార్డ్‌నర్ రాతలతో.