వేవ్ ఫిల్టర్ వేస్తే అంచు రిపీట్ కలవడం లేదు, మీరెలా చేస్తున్నారు?

బరంపురం_గ్రాఫ్
అందరికీ నమస్తే. పట్టుచీర అంచుకి తీగ డిజైన్ చేస్తున్నాను. వెడల్పు 120 హుక్కులు (గ్రాఫ్‌లో అడ్డంగా 120 గళ్లు), రిపీట్, అంటే డిజైన్ మళ్లీ మొదలయ్యే ఎత్తు, 160 అట్టలు (నిలువుగా 160 గళ్లు). తీగ మరీ నిటారుగా ఉంది, కాస్త ఒంపు కావాలని షావుకారు అడిగారు. ఫొటోషాప్‌లో వేవ్ ఫిల్టర్ వేస్తే ఒంపు బాగానే వచ్చింది గానీ, రిపీట్ పెట్టి చూస్తే ప్రతి 160వ అట్ట దగ్గరా తీగ తెగి పక్కకి జరిగిపోతోంది. పైగా రెండు రంగుల ఫైలు కాస్తా బోలెడు రంగుల ఫైలైంది. జకార్డుకి (అట్టలతో డిజైన్ నేయించే మగ్గం యంత్రం) ఈ ఫిల్టర్లు వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక చేత్తో గీసుకోవడమే మేలా?

పర్లాకిమిడి_పిక్సెల్
వాడొచ్చు అన్నా. ముందు జనరేటర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. మామూలుగా 5 ఉంటుంది. అంటే ఐదు రకాల అలలు కలిపి వేస్తోంది, వాటి పొడవులు కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య తనకి తోచినట్టు తీసుకుంటుంది. అలాంటిది మీ 160 దగ్గర ఎలా కలుస్తుంది? నేను ఈ పనికి ఫొటోషాప్ వదిలేసి గింప్ (ఇంకో బొమ్మల సాఫ్ట్‌వేర్)లో రిపుల్ ఫిల్టర్ వాడతాను. అందులో పీరియడ్ (ఒక అల పొడవు) అని సూటిగా అంకె ఇవ్వొచ్చు. 160ని శేషం లేకుండా భాగించే అంకె ఇవ్వండి: 80, 40, 32 ఏదైనా. 60 ఇస్తే రెండు అలలు పూర్తయి మూడోది మధ్యలో ఆగిపోతుంది, తీగ తెగేది అక్కడే. టైలబుల్ అనే టిక్ కూడా ఉంది, పెట్టండి.

రంగుల గొడవ కూడా అక్కడే తీరుతుంది. శాంప్లర్‌లో నియరెస్ట్ ఎంచుకుంటే ఉన్న పిక్సెళ్లని జరుపుతుంది తప్ప మధ్య రంగులు పుట్టించదు. అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. గ్రాఫ్‌కి కావలసిందీ అవే కదా.

బరంపురం_గ్రాఫ్
గింప్ వేసుకోవాలైతే. ఫొటోషాప్‌లోనే చేయాలంటే దారి లేదా? షాపులో సిస్టమ్ నాది కాదు తమ్ముడూ.

రాయగడ_సుధ
ఉందండి. ఇండెక్స్‌డ్ మోడ్ (లెక్కపెట్టిన రంగులే ఉండే ఫైలు)లో ఫిల్టర్లు పనిచేయవు కాబట్టి ఆర్‌జీబీకి మార్చి, ఫిల్టర్ వేసి, మళ్లీ ఇండెక్స్‌డ్‌కి రావాలి. వచ్చేటప్పుడు పాలెట్ కస్టమ్ పెట్టి మీ రెండు రంగులే ఇవ్వండి, డిథర్ దగ్గర None పెట్టండి. డిథర్ ఉంటే చుక్కలు చల్లినట్టు వస్తుంది, మగ్గం మీద అది నేత తప్పులాగే కనిపిస్తుంది. వేవ్‌లో జనరేటర్ 1, ర్యాప్ అరౌండ్ (ఒక పక్క దాటినది రెండో పక్క నుంచి రావడం) ఆన్. స్కేల్‌లో అడ్డం ఒక్కటే ఉంచి నిలువు కనిష్ఠానికి, అంటే 1 శాతానికి తగ్గించండి, లేకపోతే ఆకులు కూడా పైకీ కిందకీ సాగుతాయి. తర్వాత ఆఫ్‌సెట్‌లో నిలువు 80 ఇచ్చి అతుకుని మధ్యకి తెచ్చి చూడండి. తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది, ఒకటి రెండు పిక్సెళ్లయితే పెన్సిల్‌తో సర్దుకోవచ్చు.

మగ్గం_మావయ్య
మీరంతా స్క్రీన్ దగ్గరే ఆగిపోతున్నారు. నేసేవాడి వైపు నుంచి రెండు మాటలు.

ఒకటి, గ్రాఫ్‌లో గడి చదరమే, బట్టలో కాదు. అంగుళానికి పడుగు (నిలువు పోగులు) 80, పేక (అడ్డం పోగులు) 64 అనుకోండి. 40 గళ్ల వెడల్పు అరంగుళం, 40 గళ్ల ఎత్తు అరంగుళం దాటిపోతుంది. ట్విర్ల్ వేసి గుండ్రంగా తిప్పిన పువ్వు చీర మీద కోడిగుడ్డు అవుతుంది. ముందు చదరంలో ఫిల్టర్ వేసుకుని, ఆ తర్వాత ఎత్తుని 80 శాతానికి తగ్గించండి.

రెండోది ఇంకా ముఖ్యం. స్ఫెరైజ్, పించ్ లాంటివి బుటా మధ్యభాగాన్ని ఉబ్బిస్తాయి లేదా నొక్కుతాయి. ఉబ్బిన చోట జరీ పోగు ఎక్కడా కట్టు లేకుండా పొడుగ్గా తేలుతుంది. గాజుకి తగిలిందంటే లాక్కుపోతుంది. అసలు డిజైన్‌లో మీరు పెట్టుకున్న కట్టు చుక్కలు (పొడుగు పోగుని మధ్యలో పట్టి ఉంచే గళ్లు) కూడా ఫిల్టర్‌తో పాటే చెదిరిపోయి ఉంటాయి. అందుకని చుక్కలు తీసేసి బొమ్మ ఆకారానికి మాత్రమే ఫిల్టర్ వేసి, చుక్కలు చివర్లో మళ్లీ పెట్టాలి. ఫ్లోట్ (అలా తేలే పోగు) పొడవు చూడకుండా అట్టలు కొట్టించకండి.

పర్లాకిమిడి_పిక్సెల్
మావయ్యా, చుక్కలు చివర్లో అన్నది నాకు కొత్త. ఇన్నాళ్లూ చెదిరినవాటినే ఏరుకుంటూ కూర్చుంటున్నా.

సిరొంచ_ప్రింట్స్
మాది గడ్చిరోలి వైపు, నేత కాదు, డిజిటల్ ప్రింట్. కుర్తీలకి ఇకత్ (పోగులకే ముందు రంగులద్ది నేసే, అంచులు మసకగా ఉండే డిజైన్) లుక్ అడుగుతారు. దానికి వేవ్ వాడితే నీళ్లలో నీడలా వస్తుంది, ఇకత్‌లా రాదు. నేను డిస్‌ప్లేస్ (మ్యాప్ అనే ఇంకో బొమ్మని బట్టి పిక్సెళ్లని జరిపే ఫిల్టర్) వాడతాను. ఒక పిక్సెల్ వెడల్పున్న నిలువు పట్టీలో నాయిస్ వేసి, దాన్ని అడ్డంగా సాగదీస్తే ప్రతి వరసకీ ఒకే విలువ వస్తుంది. దాన్ని పీఎస్‌డీగా సేవ్ చేసి మ్యాప్‌గా ఇవ్వాలి. అడ్డం స్కేల్ చిన్నది, నిలువు సున్నా. మ్యాప్‌లో 128 బూడిద రంగున్న వరస కదలదు, అంతకన్నా ముదురువి ఒక వైపు, లేతవి రెండో వైపు జరుగుతాయి.

రాయగడ_సుధ
బాగుందండి, కానీ అది పేక ఇకత్‌కే సరిపోతుంది. పేక పోగు అడ్డంగా జరుగుతుంది కాబట్టి మసక అడ్డంగా ఉంటుంది. పడుగు ఇకత్ కావాలంటే మ్యాప్‌ని తిప్పి నిలువు స్కేల్ ఇవ్వాలి. రెండు వైపులా మసక పెట్టి పడుగు ఇకత్ అని అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రింట్ అయితే ప్రింట్ అని చెప్పి అమ్మాలి.

సిరొంచ_ప్రింట్స్
ప్రింట్ అనే రాస్తున్నామండి, లేబుల్ మీద కూడా.

మగ్గం_మావయ్య
బరంపురం అబ్బాయీ, ఇంకొక్క మాట. ఆ చీరకి కుంభం అంచు (గుడి గోపురాల్లాంటి పళ్ల వరస) ఉంటే దాని జోలికి ఫిల్టర్ తీసుకెళ్లకు. మన బరంపురం పట్టులో ఈ ఫోడా కుంభం పళ్లు వేరువేరు నాడెలతో (పేక పోగు నడిపేవి), చీర ఒంటి భాగం పేకనీ అంచు పేకనీ ఒకదానికొకటి కొక్కెం వేస్తూ చేత్తో నేస్తారు. అది నీ జకార్డు ఫైల్లోకి వచ్చేది కాదు. జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్న చీర, పళ్లు వంకర పోతే గంజాంలో కొనే ఆడవాళ్లు మడత విప్పకుండానే పట్టేస్తారు.

బరంపురం_గ్రాఫ్
లేదు మావయ్యా, కుంభం వేరే ఉంది, నాది దాని లోపలి తీగే. జనరేటర్ 1 చేసి, కనిష్ఠం గరిష్ఠం రెండూ 80 దగ్గరే ఉంచి వేశాను. అతుకు దగ్గర రెండు పిక్సెళ్ల తేడా వస్తే పెన్సిల్‌తో దిద్దాను. ఒంపు మాత్రం షావుకారుకి ఇంకా కావాలట. యాంప్లిట్యూడ్ పెంచితే తీగ 120 హుక్కులు దాటి ర్యాప్‌లో రెండో పక్క నుంచి బయటికొస్తోంది. తీగనే సన్నం చేయాలా, ఇంకేదైనా ఉందా?

పర్లాకిమిడి_పిక్సెల్
సన్నం చేస్తే జరీ పలచబడుతుంది, వద్దు. ఆకులు వేరే లేయర్‌లో పెట్టి కాడకి మాత్రమే అల వేయండి. ఆకులు ఆ ఒంపుల్లో చేత్తో అమర్చుకోండి. 80 పీరియడ్ అంటే రిపీట్‌కి రెండు ఒంపులే, ఒకసారి అమరిస్తే రెండో దానికి కాపీ.