అప్‌డేట్: అప్‌గ్రేడ్ తర్వాత వైఫై తెగిపోవడం ఆగింది

విండోస్ 11కి మారాక ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతోందని, అదే రూటర్ మీద ఫోన్లు బాగానే ఉన్నాయని అడిగాను. ఇప్పుడు నిలకడగా ఉంది.

ముందు ఇంటర్నెట్‌ను కాక, రూటర్ అడ్రస్‌ను (మా దాంట్లో 192.168.1.1) ఆపకుండా పింగ్ చేసి (చిన్న సందేశం పంపి, జవాబుకు ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) చూశాను. మామూలుగా 2, 3 మిల్లీసెకన్లలో వచ్చే జవాబు ఉన్నట్టుండి వందల్లోకి పోయి, ఆపై "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" (జవాబే రాలేదని). అంటే తేడా ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్యే, లైన్‌లో కాదు. ఈ పరీక్ష చేయకుండా రూటర్ మార్చేయొద్దు, డబ్బు దండగ.

డివైస్ మేనేజర్‌లో వైర్‌లెస్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. అప్‌గ్రేడ్‌లో పాత డ్రైవర్ (అడాప్టర్‌ను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) పోయి సాధారణ డ్రైవర్ చేరింది. పాత డ్రైవర్‌కి తిరిగి వెళ్లే "రోల్ బ్యాక్" బటన్ పనిచేయలేదు. ల్యాప్‌టాప్ మోడల్‌కి తయారీదారు ఇచ్చే డ్రైవర్‌ను ముందే దించుకుని, పాతది తీసేసి, అది ఎక్కించి రీస్టార్ట్ చేశాను. తర్వాత పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ను ఆపేందుకు అనుమతించే టిక్కు తీసేశాను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబే కనబడదు.

చుట్టుపక్కల వైఫైల అడ్డు తగ్గేందుకు రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కి చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, చానల్ ఆటో బదులు 11 పెట్టాను. మీ దగ్గర 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకోండి.

విండోస్‌లోని నెట్‌వర్క్ రీసెట్ మాత్రం చివరికే ఉంచండి. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేస్తుంది, వీపీఎన్ కూడా మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.