నాట్ల పాటలోని గొంతును డ్యాన్స్ ట్రాక్‌లో వాడాను: పేరు ఎలా వేయాలి, డబ్బు ఎలా పంచాలి?

బీట్‌గది (ప్రశ్న):

నేను హైదరాబాదులో ఉంటూ హౌస్ అనే రకం డ్యాన్స్ సంగీతం చేస్తుంటాను. రెండేళ్ల కిందట వానాకాలంలో వరంగల్ దగ్గరి మా అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు, మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లను ముందుగా అడిగి, గట్టు మీద నిలబడి వాళ్ల పాటను చిన్న రికార్డరులో పట్టుకున్నాను. పాట ఎత్తుకున్నది మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ. ఆమెకు అరవై దాటాయి. అందులోని ఒక ముక్కను మళ్లీ మళ్లీ తిరిగే లూపుగా చేసి, దాని చుట్టూ ట్రాక్ కట్టాను. నీళ్లలోంచి ఆమె చెయ్యి పైకి లేచినప్పుడల్లా వినిపించే గాజుల చప్పుడును కూడా తీసేయకుండా తాళంలో కలుపుకున్నాను. విన్నవాళ్లందరూ ముందుగా అడిగేది ఆ గొంతు ఎవరిదనే.

ఇప్పుడు విదేశంలోని ఒక చిన్న లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఈ ట్రాకును విడుదల చేస్తామంటోంది. వాళ్లు పంపిన ఫారంలో గాయని పేరు రాయబోతే, జానపద శాంపిల్ (వేరే రికార్డింగు నుంచి తీసుకున్న ముక్క) అని రాస్తే చాలని, పేరు అవసరం లేదని జవాబు వచ్చింది. ఆ మాట నాకు మింగుడు పడలేదు. పాట రికార్డు చేసిన రోజున పెద్దమ్మకు రెండు వేల రూపాయలు ఇచ్చాను గానీ, అది ఒక డ్యాన్స్ ట్రాక్ అవుతుందని అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మొన్న ఫోన్‌లో సంగతి చెబితే, "నా పాటేంది బిడ్డా, మా అమ్మ పాడంగ నేర్చుకున్న, అందరు పాడేదే గదా" అన్నది. ఆమె అలా అన్నంత మాత్రాన నా బాధ్యత తీరిపోదు. పేరు ఎక్కడ వేయాలి? ఒకేసారి కొంత మొత్తం ఇవ్వడం న్యాయమా, వాటా రాయడం న్యాయమా?

పాత క్యాసెట్:

లేబుల్ మీకు చెప్పిన మాట డ్యాన్స్ సంగీతానికి కొత్త కాదు. 1989లో ఇటలీ బృందం బ్లాక్ బాక్స్ విడుదల చేసిన 'రైడ్ ఆన్ టైమ్' బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచి, ఆ ఏడాది అక్కడ అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ అయింది. అందులో గుండెలు అదిరేలా వినిపించే గొంతు అమెరికా గాయని లొలీటా హాలోవేది; 1980లో ఆమె పాడిన 'లవ్ సెన్సేషన్' నుంచి దాన్ని కత్తిరించి అతికించారు. వీడియోలో పెదవులు కదిపింది మాత్రం మరొక యువతి. పాట రాసినవారికీ, రికార్డు తెచ్చిన కంపెనీకీ కాగితం మీద హక్కులు ఉంటాయి గనుక వాళ్లను అడగవలసి వస్తుంది. హాలోవే మాత్రం తన గొంతు కోసం తానే లాయర్లను పెట్టుకోవలసి వచ్చింది. 1991లో మార్కీ మార్క్ బృందం అదే పాటను 'గుడ్ వైబ్రేషన్స్'లో వాడుకుని ఆమె పేరును తమ పేరు పక్కనే వేసింది, వీడియోలో ఆమెనే చూపించింది, ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. పేరు వేసినందువల్ల వాళ్లకు జరిగిన నష్టమేమీ లేదు.

మరో అమెరికా గాయని మార్తా వాష్ అనుభవం ఇంకా చేదుది. 1990 నాటి 'గోనా మేక్ యు స్వెట్'లో ఆమె గొంతుకు వీడియోలో జెల్మా డేవిస్ అభినయించింది. బ్లాక్ బాక్స్ పాటల్లోనూ ఆమె గొంతు ఉంది, ముఖం మాత్రం వేరొకరిది. ఆమె కోర్టుకు వెళ్లి నిలబడ్డాకే కంపెనీలు రాజీకి వచ్చాయి. గొంతు ఆమెదని వీడియోకు ఒక వాక్యం చేర్చవలసి వచ్చింది.

అయితే మీ సంగతికి అందరికంటే దగ్గరివాడు తైవాన్‌కు చెందిన ఆమి తెగ పెద్ద డిఫాంగ్. ఆయనా, ఆయన భార్య ఇగే 1988లో ఫ్రాన్సులో పాడిన తమ తెగ పాటను, ఎనిగ్మా అనే జర్మన్ బృందం తన 'రిటర్న్ టు ఇన్నోసెన్స్'లో పేర్లు లేకుండా వాడుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా ఆ పాట మోగింది. దంపతులు 1998లో దావా వేస్తే, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఎవరు రాశారో తెలియని తరతరాల పాటే అయినా, ఆ రికార్డులో పాడినవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. "అందరు పాడేదే గదా" అన్న పెద్దమ్మ మాటకు నా జవాబు అదే.

కోరస్ గొంతు:

తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లుగా కోరస్ పాడుతున్నాను. ఒకసారి ఒక స్టూడియోలో మూడు గంటలపాటు రకరకాల ఆలాపనలు పాడించుకుని, ఒక్క మొత్తం చేతిలో పెట్టి, సర్వహక్కులూ వదులుకుంటున్నట్టు సంతకం తీసుకున్నారు. నేను చదవకుండానే పెట్టాను. కొన్నేళ్ల తరువాత మా బంధువుల పెళ్లిలో డీజే వేసిన ఒక పాటలో, వేగం పెంచి పలుచబరచిన నా గొంతు వినిపించింది. పైషడ్జానికి ముందు నేను చిన్నగా ఊపిరి తీసుకునే అలవాటును బట్టి మా అమ్మాయి దాన్ని గుర్తుపట్టి నా వైపు చూసింది. పక్కనున్నవాళ్లకు ఏమని చెప్పుకోవాలో నాకు తెలియలేదు. అందుచేత నా మాట వినండి: పేరును యూట్యూబ్ వివరణ కింద ఎక్కడో కాకుండా, ట్రాకును స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటరుకు ఇచ్చే మెటాడేటాలోనే, అంటే ట్రాకుతో పాటు వెళ్లే వివరాల్లోనే, గాయనిగా రాయించండి. రేడియోకు గానీ స్ట్రీమింగ్‌కు గానీ రేపు డబ్బు లెక్క కట్టేవాళ్లు ఆ పేరునే చూస్తారు. పేరు లేని గొంతుకు చెక్కు రాయడానికి ఎవరి దగ్గరా దారి ఉండదు.

మరొకటి. నాట్ల పాటను ఒక్కరే పాడరు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు వంత పాడతారు. మీ లూపులో వంత ఉందా? ఉంటే ఆ ఆడవాళ్ల సంగతి మీ ప్రశ్నలో ఎందుకు లేదు? మాలాంటివాళ్లు జారిపోయేది ఎప్పుడూ అక్కడే గనుక అడుగుతున్నాను. అమెరికాలో ఇంటర్నెట్ రేడియో వంటి డిజిటల్ ప్రసారాల రాయల్టీలో ముఖ్య కళాకారులకు 45 శాతం పోగా, వెనుక పాడినవాళ్లకు 2.5 శాతం, వెనుక వాయించినవాళ్లకు 2.5 శాతం చట్టమే పక్కన పెట్టింది. చిన్న భాగమే అయినా వాళ్ల పని ఉన్నదని లెక్కలో రాసినట్టయింది.

నల్లకోటు:

మన చట్టం ఏమంటుందో చెబుతాను. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తరువాత, 38ఎ సెక్షన్ కింద తన గానాన్ని రికార్డు చేయడం మీద, ఆ రికార్డు ప్రతులు తీయడం మీద హక్కు గాయనిది. పాట ఎవరిదన్నది వేరే ప్రశ్న. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 38బి కింద, హక్కులు అమ్ముకున్నా సరే, పాడింది తానేనని గుర్తించమని అడగవచ్చు. తన పేరు చెడేలా గానాన్ని వికృతం చేస్తే అడ్డుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది: వాడిన తీరును బట్టి పేరు వేయడం కుదరనప్పుడు మినహాయింపు అని చట్టమే అంటుంది. శాంపిల్ కదా అని లేబుల్ దాని వెనుక దాక్కోవచ్చు. మీ ట్రాకంతా ఆ గొంతు మీదే నిలబడింది గనుక ఆ వాదన ఇక్కడ నిలవదని నా అభిప్రాయం. కోరస్ గొంతు గారు గమనించవలసింది ఇంకొకటి: సినిమాలో ప్రాసంగికంగా కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేరు వేయనివారిని ఈ చట్టం దాదాపుగా ప్రదర్శకులుగా లెక్కించదు. అంటే పేరు వేయకపోవడమే రేపు హక్కు లేదనడానికి సాక్ష్యమయ్యే ప్రమాదం ఉంది.

ఒప్పందాన్ని తెలుగులో రాయండి. పెద్దమ్మకు ఇద్దరు సాక్షుల ముందు చదివి వినిపించండి. అంతకంటే ముందు వేగమూ శ్రుతీ మార్చిన ట్రాకును ఆమెకు వినిపించండి. విన్న తరువాతే సంతకం.

పాత క్యాసెట్:

డబ్బు గురించి ఒక్క మాట. స్ట్రీమింగ్ మీద మొదట వచ్చేది చిల్లరే. అందుచేత వాటా ఒక్కటే రాస్తే, పెద్దమ్మకు దక్కేది కాగితం మాత్రమే కావచ్చు. రొక్కం ఒక్కటే ఇస్తే, రేపు ఏ ప్రకటనకో సినిమాకో ట్రాక్ అమ్ముడైనప్పుడు ఆమె బయటే ఉండిపోతుంది. డిఫాంగ్ దంపతుల పాట ఒలింపిక్స్ ప్రచారానికి చేరినట్టు, పెద్ద డబ్బు వచ్చేది అలాంటి చోట్లనే. రెండూ రాయండి.

బీట్‌గది:

అందరికీ కృతజ్ఞతలు. కోరస్ గొంతు అక్కా, మీ ప్రశ్న చదివి రాత్రి ట్రాకును మళ్లీ విన్నాను. బీటు ఆగి మళ్లీ పడే చోట ఉన్నది పెద్దమ్మ ఒక్కరి గొంతు కాదు. అక్కడ నేను వాడుకున్నది వంతనే, ఆ చోటునే అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు మడిలో వంత పాడినవారు ఏడుగురు. ఇద్దరి పేర్లు తప్ప నాకు తెలియవు. ఆదివారం ఊరికి వెళ్లి, పేర్లను వాళ్లు చెప్పినట్టే రాసుకుని, ట్రాక్ వినిపించి వస్తాను. లేబుల్‌తో సగం సగం కుదిరితే, నా సగంలో సగాన్ని ఆ మడిలోని వాళ్లకు రాసి, అందులో ఎక్కువ భాగం ఎత్తుకున్న పెద్దమ్మకు, మిగిలింది వంత పాడినవాళ్లకు సమానంగా పంచాలనుకుంటున్నాను. ముందుగా ఇచ్చే రొక్కం వేరు. ఆ ఏడుగురిలో ఒకామె నిరుడు పోయారని అమ్మ చెప్పింది. ఆమె పేరు అలాగే ఉంటుంది, వాటా కూతురికి వెళుతుంది.

లేబుల్ ఫారంలో గాయని పేరుకు ఒక్కటే గడి ఉంది. ఎనిమిది పేర్లు పట్టేలా దాన్ని మార్చమని ఈ ఉదయమే వాళ్లకు రాశాను.