అరుదైన స్పోర్ట్స్ కారు కోసం వెతుకుతున్నాను, కొనే ముందు మీరేం చూశారు?

ఫ్లాట్‌సిక్స్:
రెండేళ్లుగా వెతుకుతున్నాను. మనసు రెండు కార్ల మీదే ఉంది: పోర్షే 911లో 997 తరం జీటీ3 మొదటి సిరీస్, లేకపోతే బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 సీఎస్‌ఎల్. ఇప్పుడొక జీటీ3 దొరికింది. తెల్ల రంగు, 12,000 కిలోమీటర్లే తిరిగిందట, ఫొటోల్లో కొత్తదానిలా మెరిసిపోతోంది. ఇంకా ఇద్దరు అడుగుతున్నారని అమ్మే ఆయన తొందరపెడుతున్నాడు. చేజారిపోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇలాంటివి కొన్నవాళ్లు, కొనబోయి వదులుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

గ్రీజుచేతులు:
అన్నా, ముందే అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఇంజన్ కంప్యూటర్ రిపోర్ట్ తీయించండి. 997లో ఓవర్‌రెవ్ లెక్క, అంటే ఇంజన్ పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందో, వేగం పెరిగేకొద్దీ ఒకటి నుంచి ఆరు రేంజ్‌లుగా నమోదవుతుంది. ఈ ఇంజన్ పరిమితి 8,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లిమిటర్ అక్కడ ఆపేస్తుంది. కానీ ఐదులోంచి నాలుగుకి దించబోయి పొరపాటున రెండులో వేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పేస్తాయి, లిమిటర్ ఏమీ చేయలేదు. 4, 5, 6 రేంజ్‌లలో అంకెలు కనబడ్డాయంటే అలాంటిదేదో జరిగిందన్నమాట. అది చివరిసారి ఇంజన్ ఎన్నో గంటలో జరిగిందో కూడా పక్కనే ఉంటుంది. ఆ తర్వాత వందల గంటలు బాగా నడిచిందంటే అంత భయం అక్కర్లేదు. ఈమధ్యే అయితే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలోకి గాలి నింపి ఎంత లీకవుతోందో కొలవడం) చేయించకుండా ముట్టుకోవద్దు.

అదే రిపోర్టులో ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. కిలోమీటర్లని ఆ గంటలతో భాగించి చూడండి. నేను కొనబోయిన ఒక కారుకి మీటర్ 18,000 చూపించింది, గంటలేమో 1,500. అంటే సగటున గంటకి 12 కిలోమీటర్లు! రోజూ ట్రాఫిక్‌లో నలిగే కారు కూడా అంతకన్నా వేగంగానే పోతుంది. మీటర్ వెనక్కి తిప్పారని అక్కడే అర్థమైపోయింది. మాట్లాడకుండా వచ్చేశాను.

మలుపుదారి:
ఆరేళ్లుగా నా దగ్గర ఇదే జీటీ3 ఉంది. పోర్షే ఇంజనీర్ హాన్స్ మెజ్‌గర్ పేరుతో పిలిచే ఇంజన్ ఇది, 1998లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన 911 జీటీ1 వంశం. ఆ కాలపు మామూలు 911 ఓనర్లని భయపెట్టే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఒక షాఫ్ట్ బేరింగ్, అది పోతే ఇంజనే పోతుంది) సమస్య దీనికి లేదు. దీని బలహీనత వేరే చోట ఉంది. కూలెంట్ పైపుల్ని వాటి అమరికల్లో జిగురుతో అతికించారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఆ జిగురు పట్టు వదిలేస్తుంది.

నాకది ట్రాక్ మీదే జరిగింది. మలుపు మధ్యలో ఉండగా వెనక నుంచి తియ్యటి వాసన వచ్చింది. అదేంటో ఆలోచించేలోపే కారు గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. కూలెంట్ అంతా వెనక టైర్ మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే చాలు. తర్వాత ఇంజన్ దింపి పైపులన్నీ వెల్డింగ్ చేయించాను. కొందరు పిన్నులు కొట్టిస్తారు, అదీ మంచిదే. ఆ పని చేయించిన బిల్లు ఉందా అని తప్పకుండా అడగండి.

పాతఎం3:
సీఎస్‌ఎల్ గురించి నేను చెప్తాను. చేసినవే 1,383. అందుకే మామూలు ఎం3కి కార్బన్ ఎయిర్‌బాక్స్ (ఇంజన్‌కి గాలి వెళ్లే డబ్బా), ముందు బంపర్ పెట్టి సీఎస్‌ఎల్ అని అమ్మేవాళ్లున్నారు. అసలుదానికి రూఫ్ కార్బన్ ఫైబర్, గేర్‌బాక్స్ ఎస్‌ఎంజీ (క్లచ్ పెడల్ లేనిది) ఒక్కటే. మాన్యువల్ కనబడితే ఎవరో మార్పించారని అర్థం. ఛాసిస్ నంబర్‌తో కంపెనీ రికార్డు తెప్పించుకోండి. ఇక ఈ46లన్నింటికీ ఉన్న జబ్బు: వెనక సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ రేకు పగులుతుంది. లిఫ్ట్ ఎక్కించి టార్చ్ పట్టుకుని చూడాలి, పై నుంచి చూస్తే తెలియదు.

వీటెక్‌ప్రేమి:
హోండా పాత తరం ఎన్‌ఎస్‌ఎక్స్ కూడా చూడండి బ్రదర్. తొలినాటి ఐదు గేర్ల కార్లు కొన్నింటిలో గేర్‌బాక్స్ లోపలి స్నాప్ రింగ్ అనే చిన్న రింగు విరిగి గేర్‌బాక్సే పోతుంది. ఏ గేర్‌బాక్స్‌లకి ఆ సమస్యో నంబర్ బట్టి తెలుస్తుంది. బాడీ అంతా అల్యూమినియం కాబట్టి మళ్లీ రంగు వేశారేమో పట్టుకోడానికి పెయింట్ మందం కొలిచే మామూలు అయస్కాంతపు మీటర్ పనిచేయదు, అల్యూమినియం కూడా కొలిచేది తీసుకెళ్లండి.

గ్రీజుచేతులు:
ఇంకో మాట. తక్కువ కిలోమీటర్లు అనగానే మురిసిపోకండి. కదలకుండా పడున్న కారుకి సీళ్లు ఎండిపోతాయి, రబ్బరు గొట్టాలు బీటలిస్తాయి. టైర్ పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 1209 అంటే 2009లో 12వ వారం. గాడి నిండుగా ఉన్నా ఆ టైర్ గట్టిపడి పట్టు పోయినట్టే.

ఫ్లాట్‌సిక్స్:
అందరికీ థాంక్స్. తెల్ల కారు రిపోర్ట్ అడిగాను. "నమ్మకం లేకపోతే కొనకండి" అన్నాడాయన. రెండు రోజులు మనసు పీకింది, కానీ వదిలేశాను.

వారానికి ఇంకోటి కనబడింది. నల్లది, 61,000 కిలోమీటర్లు, బంపర్ నిండా రాళ్ల గీతలు. ఓనర్ ఒక్కరే. అడగకముందే లావుపాటి ఫైలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ఏడాది వారీగా బిల్లులు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో కిలోమీటర్లు రాసి ఉన్నాయి. కూలెంట్ పైపులకి పిన్నులు కొట్టించిన బిల్లు కూడా ఉంది మలుపుదారి గారూ! గంటలు 1,420, అంటే సగటు 43. 4, 5, 6 రేంజ్‌లలో సున్నాలే. అయినా శనివారం లీక్‌డౌన్ టెస్ట్ పెట్టుకున్నాం. ఆరు సిలిండర్ల అంకెలూ ఇక్కడే పెడతాను.

మలుపుదారి:
చాలా సంతోషం. టెస్ట్ మాత్రం ఇంజన్ బాగా వేడెక్కాకే చేయించండి. చల్లగా ఉండగా చేస్తే అంకెలు సరిగా రావు.