అప్‌డేట్: లైబ్రరీ పీరియడ్‌లో ఆటలు పెట్టాక

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు లైబ్రరీ పీరియడ్ అనగానే ఆవలిస్తున్నారని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందు బీరువాలోని పుస్తకాలు బయటికి తీసి, అట్టలు కనిపించేలా తాడు మీద వేలాడదీశాం. చిరిగితే స్టాకు రిజిస్టర్‌లో ఏం రాయాలని మా హెడ్మాస్టర్ గారికి టెన్షన్. చిరిగిన వాటికి పిల్లలే టేపు వేస్తున్నారు.

బాగా పండింది మాత్రం చీటీల వేట. 'నక్క దాక్కున్న చెట్టు ఏది?' అని ఒక చీటీ. జవాబు దొరకాలంటే కథ చదవాలి, ఆ పేజీలోనే రెండో చీటీ ఉంటుంది. ఒత్తు అక్షరం దగ్గర ఎప్పుడూ ఆగిపోయే ఒక పిల్లాడు వేలు పెట్టి 'మ... మర్రి!' అని అరిచి పరుగెత్తాడు.

ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు స్టార్లు ఇవ్వమన్న సలహా మా దగ్గర నడవలేదు. కొందరు పేజీలు తిప్పేసి 'అయిపోయింది టీచర్' అనేవాళ్లు. ఆపేశాను.

చదువులో వెనకబడ్డ ఐదో తరగతి వాళ్లకు చిన్న పుస్తకాలిస్తే నామోషీ. అందుకే స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మొదటి స్థాయి తెలుగు కథలు ప్రింటు తీసి, ఒకటో తరగతి వాళ్లకు చదివి వినిపించే పని అప్పగించాం. ముందురోజే ఇంట్లో ప్రాక్టీసు చేసుకొస్తున్నారు!

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కదా, అప్పుడు ఊళ్లో అమ్మమ్మలను, తాతయ్యలను కథలు చెప్పడానికి పిలుద్దామనుకుంటున్నాం.

ఇంగ్లీషు పుస్తకాలను మాత్రం ఇంకా ఎవరూ ముట్టుకోవడం లేదు. వాటికేమైనా ఆటలుంటే చెప్పండి.